శెట్టి చేతులు, వరదమ్మ అనుపానం

తిరుత్తణి బజారు వీధిలో సుదర్శనం శెట్టి నాటుమందుల అంగడి మీకు తెలియకపోతే తప్పు మీది. ఊరందరికీ తెలుసు. నా పేరు తణికాచలం. ఈ ఊళ్ళో ముప్పై రెండేళ్ళు తెలుగు అయ్యవారిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు పోతే కరక్కాయ ఇచ్చి దాన్ని నిలబెట్టింది ఈ శెట్టే. కాబట్టి అతని సంగతి రాయడానికి నాకన్నా తగినవాడు లేడు. ఉన్నానని ఎవరైనా అంటే వచ్చి రాసుకోమనండి, నాకేం.

శెట్టి పుట్టింది అత్తిమంజేరిపేటలో. తండ్రిది చిల్లరంగడి. ఏడో క్లాసు తప్పిన మరునాడే అతన్ని తెచ్చి తిరుత్తణిలో మేనమామ అంగట్లో దించి వెళ్ళారు. గోడ పొడుగునా రెండు వందల పన్నెండు సొరుగులు, ఒక్కదాని మీదా పేరుండదు. మామ అడిగిన సరుకుకు తప్పు సొరుగు లాగితే, ఆ సొరుగులో ఏముందో అది చిటికెడు నోట్లో వేసుకోవాలి. అదీ శిక్ష, అదే చదువు. "ఆ దెబ్బకు మూడు నెలల్లో అన్నీ వచ్చేసినాయి అయ్యవారే. వసకొమ్ము సొరుగైతే రెండో తూరి తప్పలా" అంటాడు శెట్టి.

ఆ మామ కూతురే వరదమ్మ. పలక పట్టే వయసు నుంచీ తండ్రి పక్కన గల్లాపెట్టె మీద కూచుని అనుపానాలన్నీ నేర్చేసింది. అనుపానమంటే మందును దేనితో పుచ్చుకోవాలో అది. తేనెతోనా, నేతితోనా, వేణ్ణీళ్ళతోనా, పాలతోనా అన్నది. అనుపానం తెలియని మందు బూడిదలో పోసిన పన్నీరని ఆ పెద్దాయన సిద్ధాంతం. పెళ్ళయ్యాక అంగడి ఇద్దరిదీ అయింది. చేతులు శెట్టివి, నోరు వరదమ్మది.

ఆ చేతుల గురించి చెప్పాలి. పాత పేపరు ముక్క మీద సరుకు పోసి, నాలుగు మడతలు వేసి, పైన వేలాడే దారపుండ నుంచి దారం లాగి, రెండు చుట్లు చుట్టి బొటనవేలితో టప్పున తెంపేవాడు. కన్ను మూసి తెరిచేలోగా పొట్లం. దాన్ని కొండ మీంచి కిందికి విసిరినా గింజ రాలదు. కానీ పొట్లం కట్టగానే ఇచ్చేయడు, చేతిలోనే పట్టుకుంటాడు. వరదమ్మ కొన్నవాళ్ళ మొహంలోకి చూసి "పరగడుపున, తేనెతో" అనో, "పండుకోబోయే ముందు, పాలతో" అనో చెప్పాలి. అప్పుడు గాని వదలడు. తొందరపడి లాగారా, ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. ఒకసారి పోలీసు ఇన్‌స్పెక్టరంతటివాడే పొట్లం ఆ కొస పట్టుకుని, వరదమ్మ లోపల పొయ్యి మీది గిన్నె దించి వచ్చేదాకా నిలబడ్డాడు. నేను కళ్ళారా చూశాను.

ఇద్దరికీ గొప్ప పేరు తెచ్చింది కాన్పు మూట. బాలింతకు నూరి ఉండ చేసి ఇచ్చే మందుకు పద్దెనిమిది సరుకులు కావాలి. శొంఠి, పిప్పళ్ళు, మోడి, మిరియాలు, అట్లా. పద్దెనిమిదీ వేరువేరు పొట్లాలు. కానీ దారం ఒక్కటే. మొదటి పొట్లం చుట్టిన దారం తెంపకుండా రెండోదానికి, మూడోదానికి పోయి, చివరికి అన్నిటినీ ఒక్క మూటగా బిగిస్తుంది. నడుమ తెగిందా, విప్పి మళ్ళీ మొదటినుంచి కట్టాల్సిందే. బిడ్డ భూమ్మీద పడకముందు కట్టకూడదు. పుట్టిన ఐదో రోజుకు తల్లికి చేరాలి. బాలింతను కన్న తండ్రి వచ్చి తీసుకుపోవాలి. పళ్ళిపట్టు నుంచి తిరువళ్ళూరు దాకా ఎంతమంది తండ్రులు ఆ మూట చంకన పెట్టుకుపోయారో లెక్క లేదు.

అట్లాంటి చేతులకు నాలుగేళ్ళ కింద జబ్బు పట్టుకుంది. ముందు కుడి బొటనవేలు ఊరికే ఆడటం మొదలైంది. "ఏమయ్యా శెట్టీ, లేని బీడీ నలుపుతున్నావా?" అని ఎగతాళి చేసింది నేనే. నా నోటికి నిప్పంటుకోను. తర్వాత చెయ్యి బిగుసుకుంది, నడక చిన్నదైంది, మొహంలో నవ్వు రావడం ఆలస్యమైంది. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో పార్కిన్‌సన్స్ అన్నారు. మాత్రలు రాసి, భోజనానికి ముందు వేసుకోమన్నారు.

భోజనానికి ముందు అన్నారు గదా, వరదమ్మ అట్లాగే వేసింది. కాకపోతే ఇంగ్లీషు మందైనా మందే, దానికీ ఒక అనుపానం ఉండాలి గదా! నరాల జబ్బుకు పాలను మించింది ఏముంది? పాలు ఆమె లెక్కలో భోజనం కాదు. దినానికి మూడు మాత్రలు, మూడు గ్లాసుల ఆవుపాలు. మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో ఏడాది మందు పట్టు తగ్గింది. ఒంట్లో బలం లేకే ఇట్లా అవుతోందని ఆమె పాలు చిక్కగా కాచి అందులో బాదం నూరి కలిపింది. ఇంకా తగ్గింది. డాక్టరు నాలుగో మాత్ర రాశాడు. ఆమె నాలుగో గ్లాసు పెట్టింది. పొట్లాలు కట్టడం నిలిచిపోయింది. సరుకు ప్లాస్టిక్ కవర్లలో పోసి ఇవ్వసాగారు. శెట్టి గల్లా దగ్గర కూచుని ఆ కవర్లను చూడలేక వీధివైపు చూసేవాడు.

రెండేళ్ళ కింద ఆడికృత్తిక నాడు వింత జరిగింది. శెట్టి ఇంటి దేవుడు వెంకన్నే, అయినా కొండ మీద మురుగడున్న తిరుత్తణిలో అన్నం తినేవాడికి కృత్తిక తప్పదు. నెలనెలా ఆ నక్షత్రం వచ్చిన రోజు సాయంత్రం దీపం పెట్టేదాకా ఒట్టి నీళ్ళే. ఆ రోజు మాత్రలు కూడా నీళ్ళతోనే. వీధిలో మురుగడి మొక్కు కావళ్ళు పోతున్నాయి, గోల గోలగా ఉంది. ఎవరో ముసలమ్మ వాము అడిగింది. శెట్టి ఏదో ధ్యాసలో పేపరు తీశాడు, మడిచాడు, దారం లాగాడు, టప్పున తెంపాడు. వరదమ్మ "అయ్యా మురుగా!" అని ఒక్క కేక పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. మళ్ళీ కృత్తికకూ అంతే, ఆ పైదానికీ అంతే. తక్కిన దినాల్లో కొయ్యలాంటి చేతులు ఆ ఒక్కరోజు మధ్యాహ్నం దాకా పాత శెట్టివి.

ఇంకేం, మహిమ! నోట్లో నువ్వుగింజ నానని మనిషిని కదా, ఊరంతా చాటింది నేనే. కృత్తిక నాడు శెట్టి కట్టిన పొట్లం కోసం జనం వరసకట్టేవాళ్ళు. నేనొక సీసపద్యం కూడా రాశాను. తర్వాత అసలు సంగతి తెలిశాక దాన్ని ఎక్కడ దాచాలో తెలియలేదు.

శెట్టికి ఒక్కతే కూతురు, జనని. అల్లుడికి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు ఆ పిల్ల కడుపు పండింది. ఏడో నెలలో పుట్టింటికి వచ్చి, అంగడి పైన ఉండే ఇంట్లో దిగింది. శెట్టి మొహంలో ఆలస్యంగా వచ్చే నవ్వు ఆ రోజు త్వరగానే వచ్చింది. మరునాడు పొద్దున్నే నన్ను పిలిపించాడు.

"అయ్యవారే, పంచాంగం తెచ్చినావా?"

"తెచ్చినా. ఏం చూడాల?"

"బిడ్డకు పద్నాలుగో తేదీ అని చెప్పినారు. ఐదో రోజుకు కృత్తిక వస్తాదేమో చూడు."

చూశాను. ఆ నెల కృత్తిక మూడో తేదీ. ఆ తర్వాతది ముప్పయ్యో తేదీ. నడుమ ఏదీ లేదు. ఇరవై ఏడు దినాలకు ఒక్కసారి వచ్చే నక్షత్రం మన కోసం మధ్యలో దిగుతుందా?

శెట్టి నా చేతిలోని పంచాంగం మూసేశాడు. "ఊర్లో ఆడబిడ్డలందరికీ కట్టినా. నా బిడ్డకు ప్లాస్టిక్ కవర్లో పోసి పంపిస్తే నేనెందుకు బతికుండేది అయ్యవారే?" అన్నాడు.

డాక్టర్లను అడిగి కాన్పు ముందుకు జరిపించుకోవచ్చునా అని కూడా ఆలోచించాడు మహానుభావుడు. మెట్ల మీంచి జనని వినేసింది. "ఏం నాయనా, నా బిడ్డేమన్నా నీ సొరుగులో సరుకా, నువ్వు లాగినప్పుడు వచ్చేదానికి?" అని కసిరేసరికి నోరు మూశాడు.

అప్పుడు నా బుర్రకు ఒకటి తట్టింది. కృత్తిక లేకపోతే పోయింది, ఆ ఐదో రోజు ఉత్తినే ఉపవాసం ఉంటే? దేవుడు ఉపవాసాన్ని చూస్తాడా, తేదీని చూస్తాడా? శెట్టి ఎగిరి గంతేసినంత పని చేశాడు. వరదమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నీకేమన్నా, నువ్వు చెప్తావు. మనిషి సగమైనాడు, నెలకు ఒక దినమే ఎట్లో తట్టుకుంటా ఉండాడు. ఇంగో దినం పస్తు పెడితే పడిపోతే ఎవురు లేపేది?" అని నా మీదికి లేచింది. చివరికి, డాక్టరు సరేనంటే సరే అని రాజీ కుదిరింది.

అట్లా ముగ్గురం పొద్దుట రైలుబండి ఎక్కి తిరువళ్ళూరు పోయాం, ఒక్కరోజు ఉపవాసానికి పర్మిషన్ అడగడానికి. బండిలో వాకిలి దగ్గర పది నిమిషాలు వేలాడి గాని లోపల కాలు పెట్టలేకపోయాం. పెద్దాసుపత్రిలో పాత డాక్టరు బదిలీ అయి, కవిప్రియ అనే అమ్మాయి వచ్చింది. వెంగల్ ఊరి తెలుగు పిల్ల. మా మాట వినగానే తమిళం మాని తెలుగులోకి దిగింది.

"ఉపవాసం ఎందుకు పెద్దాయనా?"

చెప్పక తప్పలేదు. కృత్తిక, చేతులు, పొట్లం, కాన్పు మూట అన్నీ నేనే చెప్పాను, పద్యం తప్ప. ఆమె నవ్వలేదు. పెన్ను కింద పెట్టి వరదమ్మవైపు తిరిగింది.

"అమ్మా, కృత్తిక నాడు మాత్ర దేంతో ఇస్తారు?"

"నీళ్ళతో."

"తక్కిన దినాలు?"

"పాలతో" అంది వరదమ్మ గొప్పగా. "చిక్కటి పాలు, బాదం కూడా నూరి పోస్తా. ఒక్క పూట తప్పలా."

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "అయ్యో అమ్మా" అంది నెమ్మదిగా. "ఎంత శ్రద్ధగా చేసినారు. మేము అడగలా, మీరు చెప్పలా."

తర్వాత ఆ పిల్ల చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను. ఆ మాత్రలో పనిచేసే సరుకు లెవోడోపా. అది అమైనో ఆమ్లం. పాలు, పప్పు, బాదం కడుపులో అరిగితే వచ్చేవీ అమైనో ఆమ్లాలే, ఒక్క కుటుంబం. మెదడు చుట్టూ గట్టి కాపలా ఉంటుందట. రక్తంలో పోయేదల్లా లోపలికి జొరబడలేదు. ఈ జాతి సరుకుకు మాత్రం ఒక వాకిలి ఉంది.

"పొద్దున బండి ఎక్కినారు గదా, ఎట్ల ఉన్నింది వాకిలి?" అంది డాక్టరమ్మ. "ఇదీ అంతే. మీ మాత్ర ఒకే ఒక్కటి. పాలల్లోంచి వచ్చినవి గుంపులు గుంపులు. అవి తోసుకుని ఎక్కేస్తాయి, మీ మాత్ర ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోతాది. కృత్తిక నాడు గుంపు లేదు, గమ్మున ఎక్కింది."

"లోపలికి పోయినాక?" అని అడిగాడు శెట్టి.

"ఆడ ఒక ఎంజైము ఉండాది. ఆ సరుకులోంచి చిన్న ముక్క తీసేసి దాన్ని డోపమైన్‌గా మార్చేస్తాది. వేలు కదలమని మెదడు పంపే కబురు సాగాలంటే ఆ డోపమైన్ ఉండాల. దాన్ని చేసే కణాలు మీకు తగ్గిపోయినాయి. అందుకే సరుకు బయటినుంచి పంపిస్తా ఉండాం."

"ఆ డోపమైన్నే తిన్నగా మింగిస్తే పోలే?" అన్నాను నేను, క్లాసులో కూచున్నట్టు.

"దానికి ఆ వాకిలి తెరవదు సార్. పచ్చి సరుకునే లోపలికి రానిస్తాది. తయారీ అంతా లోపలే. ఇది ఒక్కటే కాదు, పాలలో ఉండే ఇంకో అమైనో ఆమ్లంతో మనసు నెమ్మదిగా ఉండేదానికి సెరటోనిన్ చేసుకుంటాది. నరాలను ఉరికించే గ్లుటమేట్ అని ఒకటి ఉండాది. దాన్నే మార్చి వాటిని ఆపే గాబా చేసుకుంటాది."

శెట్టి కొంచెం ముందుకు వంగాడు. "అంటే, మెదడు గూడా నాటుమందుల అంగడే గదమ్మా! సరుకు బయటనుంచి వస్తాది, నూరేదీ కట్టేదీ అంతా లోపల" అన్నాడు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేను అంత చక్కగా ఒక్క పాఠం చెప్పలేదు. డాక్టరమ్మ ఆ మాటను కాగితం మీద రాసుకుంది.

"ఇంగోటి చెప్పనా? మీ అంగట్లో దూలగొండి ఉంటాది గదా, తమిళంలో పూనైక్కాలి అనేది. ఆ విత్తులో ఉండేది ఈ లెవోడోపానే."

"మూడో వరస, ఐదో సొరుగు!" అన్నాడు శెట్టి. నలభై ఐదేళ్ళుగా తన వీపు వెనకాలే ఉన్న సరుకు! ఆనందం పట్టలేక నా తొడమీద కొట్టాడు. అంత బిగుసుకున్న చేతికి అంత బలం ఎక్కడిదో. వెంటనే డాక్టరమ్మ వేలు చూపించింది. "దాన్ని తాకేది లేదు. ఏ విత్తులో ఎంత ఉండాదో తెలీదు. మాత్రతో కలిసిందంటే చెయ్యీ కాలూ మీ మాట వినకుండా ఆడిపోతాయి. మాట ఇవ్వండి."

శెట్టి మాటిచ్చాడు, కొంచెం దిగులుగా.

ఉపవాసం అక్కర్లేదంది. మాత్ర ఒట్టి నీళ్ళతో వేసుకుని ముప్పావుగంట దాకా ఏమీ తినకూడదు. పాలూ పప్పూ మానేయకూడదు, ఒంటికి కావాలి. పని ఉన్న పగటిపూట తగ్గించి, రాత్రి భోజనంలో ఎక్కువ తినమంది. "పాలు శత్రువు కాదమ్మా, మాత్రతో పాటు వద్దు, అంతే" అని వరదమ్మ చెయ్యి పట్టుకుని చెప్పింది.

వరదమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. నువ్వేందమ్మా ఇట్ల చెప్తా ఉండావు" అంది. మాటలో పొగరుంది కానీ గొంతులో లేదు. తిరుగు బండిలో అరక్కోణం దాకా కిటికీలోంచి చూస్తూ కూచుంది. తర్వాత నావైపు తిరిగి, "ఏండ్ల తరబడి అన్నా. దినానికి మూడు తూర్లు, నాలుగు తూర్లు. నా చేత్తోనే గదన్నా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శెట్టికి వినపడింది. "ఏమే, నీ చేత్తో పాలే గదా పోసినావు, విషమా?" అన్నాడు. ఆ మాటతో ఇంకా ఏడ్చింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. వీళ్ళింట్లో కుండలో నీళ్ళే పనికొచ్చాయి, నమ్ముకున్న పాలే అడ్డుపడ్డాయి. మరునాటి నుంచి మాత్రలు నీళ్ళతో. మొదటి రోజు ఏమీ తేడా లేదు. రెండో రోజు చొక్కా గుండీలు తానే పెట్టుకున్నాడు. నాలుగో రోజు పదిన్నరకు నేను అంగడికి పోతే, గల్లా ముందు పొట్లాలు గుట్టగా పడి ఉన్నాయి. లోపల సరుకు లేదు, ఉత్త ఇసుక. "అభ్యాసం" అన్నాడు శెట్టి, కొత్త బట్టలేసుకున్న పిల్లాడిలా మొహం పెట్టి. జబ్బు పోలేదు, పోదు కూడా. సాయంత్రానికి కాలు ఈడుస్తాడు, మొహం బిగుస్తుంది. కానీ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా చేతులు అతనివే. నేను రాసిన పద్యం ఆ రోజే చించేశాను. తర్వాత, మురుగడు కనీసం నెలకొకసారి ఆ పాలగ్లాసును ఆపినందుకైనా దణ్ణం పెట్టాలి గదా అని కొండవైపు తిరిగి ఒకటి పెట్టాను.

మారిపోయింది వరదమ్మ. పాలు తాగే ఆ పెద్ద ఇత్తడి గ్లాసు కడిగి అటక మీద బోర్లించింది. అంగట్లో నోరు తెరవడం మానేసింది. ఎవరైనా "దేంతో తినాల వరదమ్మా?" అంటే "ఆయన్నడగండి" అని లోపలికి పోయేది. శెట్టి పొట్లం పట్టుకుని ఎదురుచూసేవాడు, తర్వాత తానే ఏదో చెప్పి వదిలేసేవాడు. అనుపానాలు అతనికీ తెలుసు, కానీ ఆ మాట అతని నోట్లో కుదరదు. నేను ఒకసారి మందలించబోతే, "ఇంట్లో మనిషికే తప్పు చెప్పిన నోరన్నా ఇది. ఊరికేం చెప్పేది?" అంది.

జననికి పన్నెండో తేదీనే నొప్పులొచ్చాయి. తిరువళ్ళూరులో ఆడపిల్ల పుట్టింది, సుఖప్రసవం. మూడో రోజుకు తల్లీబిడ్డా ఇంటికొచ్చారు. ఐదో రోజు పదహారో తేదీ. కృత్తిక కాదు, ఏమీ కాదు, ఒట్టి మామూలు రోజు.

ఆ పొద్దున శెట్టి తొమ్మిదింటికి నీళ్ళతో మాత్ర మింగి గడియారం కింద కూచున్నాడు. నన్ను అంగడి బయట, కొనేవాళ్ళు నిలబడే చోట నిలబెట్టాడు. "మూట ఆడబిడ్డ తండ్రి తీసుకోవాల. అమ్మేవాడూ తండ్రే అయితే ఎట్ల? నువ్వు నా బదులు తీసుకో" అన్నాడు. పేపర్లు పద్దెనిమిది కోసి పెట్టాడు. పైన పసిబిడ్డ ఏడుస్తోంది, జనని జోకొడుతోంది. వరదమ్మ లోపల వాకిలికి ఆనుకుని నిలబడింది, బయటికి రాలేదు.

ముప్పావుగంట కాగానే మొదలుపెట్టాడు. శొంఠి. మడత, మడత, చుట్టు. దారం తెంపలేదు. పిప్పళ్ళు. మోడి. వెనకటి వేగం లేదు, కానీ మడతలో తప్పు లేదు. నేను మనసులో లెక్కపెడుతున్నాను. వీధిలో పోయేవాళ్ళు ఒక్కొక్కరే నిలబడ్డారు. పదకొండో పొట్లం మీద బొటనవేలు ఆగిపోయింది. పోనంది. దారం సగం చుట్టులో వదులుగా వేలాడుతోంది. చెయ్యి వణికి లాగితే తెగుతుంది, తెగితే మళ్ళీ మొదటికి. నాకు చెమట పట్టింది. సాయం చేద్దామని చెయ్యి చాచాను.

"ఉండు అయ్యవారే, తాకొద్దు" అన్నాడు శెట్టి. "సరుకు వస్తా ఉండాది. వాకిట్లో ఉండాది."

కూచున్నాడు, కదలకుండా. మేమంతా అట్లాగే నిలబడ్డాం. ఎంతసేపో తెలియదు, పైన బిడ్డ ఏడుపు ఆగింది. అప్పుడు వేలు తనంతట తానే కదిలింది. చుట్టు బిగిసింది. పన్నెండు, పదమూడు. పద్దెనిమిదోది వాము. అన్నీ దగ్గరికి లాగి, నాలుగు దిక్కులా దారం తిప్పి, ముడేసి, బొటనవేలితో టప్పున తెంపాడు. కాన్పు మూట మీద ఆ చప్పుడు విని రెండేళ్ళు దాటింది. వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను కండువాతో మొహం తుడుచుకున్నాను. చెమటే అనుకోండి.

మూట పట్టుకోవడానికి చేతులు చాచాను. శెట్టి ఇవ్వలేదు. లాగాను. గట్టిగా పట్టుకున్నాడు. అతను నావైపు చూడటం లేదు, లోపలి వాకిలివైపు చూస్తున్నాడు.

"వరదా" అన్నాడు. "మూట కట్టినా."

ఆమె కదల్లేదు.

"చెప్పకుండా ఎట్ల ఇచ్చేది? మన బిడ్డే, దేంతో తినాలో తెలీక అట్లే మింగేస్తాది."

వరదమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మూటను చూసింది, ఆయన చేతుల్ని చూసింది. శెట్టి చేతులు మెల్లగా ఆడటం మొదలైంది. అయినా వదల్లేదు. చివరికి ఆమె నా మొహంలోకి తిన్నగా చూసింది, వెనకటిలాగా, నేను కూతుర్ని కన్న తండ్రినైనట్టు.

"ఉసిరికాయంత ఉండ" అంది. "దినానికి ఒక తూరి, పొద్దున పూట." ఆగింది. "పాలతో. గోరువెచ్చటి పాలతో."

శెట్టి మూట వదిలాడు.